అవ్వ చెయ్యి కట్టు ఇప్పేదాక

మా అట్టపెట్టెల కంపెనీకి తాళం పడ్డ రోజు నేను ఏడ్వలే. తిట్టిన. లోపల ఎవరూ లేరని తెలిసి గూడ గేటు కాడ నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిన. నా పక్కన పనిచేసే ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తుంటే, నేను చెప్పు తీసి గేటును కొట్టిన. చెప్పు తెగింది. ఒంటి చెప్పుతోటి ఇంటికొచ్చిన. మా ఆయన నా కాళ్ల దిక్కు చూసిండు. మిగిలిన చెప్పు తీసి పక్కన పెట్టి, చెంబుతోటి నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసిండు. గప్పుడు ఏడ్సిన.

మాది మధిర దిక్కు. రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగినదాన్ని, పెళ్లయి ఈ అడవి అంచుకు వచ్చి పడ్డ. వచ్చిన కొత్తల నా మాట విని ఇక్కడి ఆడోళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేటోళ్లు. "వచ్చారా అండీ, తిన్నారా అండీ" అని ఎక్కిరించేటోళ్లు. ఇప్పుడు మధిర పోతే మా చెల్లెలు నవ్వుతది, "అక్కా, నువ్వు అచ్చం అడవి మనిషివి అయిపోయావే" అని. రెండు దిక్కులా నవ్వులపాలే నా నాలుక. మా ఆయన ఆటో నడుపుతడు. భద్రాచలం వచ్చిన యాత్రికులను పర్ణశాల తీస్కపోయి మల్ల తీస్కొస్తడు. నేను గోదారి బ్రిడ్జి అవతల ఆ కంపెనీల అట్టలు మడిచి పెట్టెలు చేసేదాన్ని. మా బిడ్డ చిన్నగున్నప్పటి సంది అదే పని. తెల్లారకముందే కంపెనీ బండి వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టేది. ఇంట్ల ఎవరు లేచినా లేవకపోయినా నేను ఎక్కాల్సిందే.

కంపెనీ మూతపడ్డ కొన్ని దినాలకు మా ఆయన సంబురంగ ఇంటికొచ్చిండు. భద్రాచలంల నెట్ సెంటర్ నడిపే ఆయన చెప్పిండట. ఇన్నేండ్లు మా జీతంల నెలనెలా కోసుకున్న బీమా ఉన్నది గద, దానికింద, కంపెనీ మూతపడి పని పోయినోళ్లకు మూడు నెలలు సగం జీతం ఇస్తరట. ఊరికెనే. ఇంట్ల కూసోబెట్టి. గని రెండు షరతులు. ఒకటి, ఇది జీవితంల ఒక్కసారే. రెండోది, నాకు ఎక్కడా ఏ పనీ లేదని సంతకం పెట్టాలె. నడుమల ఏ పని దొరికినా, చిన్నదైనా సరే, ఆ దినాలకు పైసలు రావు.

"జీవితంల ఒక్కసారేనట!" అని మా ఆయన ఆ మాటనే రెండుమూడు తాపలు అన్నడు. లాటరీ తగిలినోని లెక్క ఆయన మొకం వెలిగిపోతున్నది. "పెండ్లయిన కాడ్నించి పొద్దుగాల నువ్వు ఇంట్ల కూసుండంగ నేను సూడలే. చాయ పెట్టి నా ముంగట పెడతవ్, నువ్వు నిలబడి తాగి ఉరుకుతవ్. ఈ మూడు నెలలు గడప మీద ఇద్దరం కూసొని తాగుదం. నేను గూడ ఆటో జర ఆలస్యంగ తీస్త."

ఆయన అడిగింది గదే. గడప మీద కూసొని చాయ తాగుడు. మనిషి నగలు అడగలే, పొలం అడగలే. గని నా నోరు మంచిది కాదు గద. "కూసొని తింటే కొండలైనా కరుగుతయట, మనకు కొండలు గూడ లేవు" అన్న.

ఆ కాయితం ఇంటికి తెచ్చిండు. నేను సంతకం పెట్టలే. ఇయ్యాల కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంట జరిపిన. నిజం చెప్పాలంటే దాంట్ల రాసి ఉన్న మాట నాకు సూది లెక్క గుచ్చుకున్నది. నాకు ఏ పనీ లేదు అని నా చేత్తోటి నేనే రాసియ్యాలెనా? ఇన్నేండ్లు ఈ వేళ్లు అట్ట అంచులకు కోసుకుపోయి, ముల్తానీ మట్టి పూసుకున్నా పోని గీతలు పడ్డయి. వీటికి పని లేదని నేను ఎట్ల రాయాలె? మా ఆయన ఒత్తిడి పెట్టలే. ఆయనకు కోపం వస్తే మాట్లాడడు, ఆటో కడుగుతడు. ఆ వారం ఆటో మస్తు తళతళలాడింది.

శివరాత్రి పోయినంక అవ్వ పడ్డది.

అవ్వ గురించి చెప్పాలె. మా ఊరు రోడ్డు మీద ఉంటది. ఊరి ఎనక వాగు. వాగు దాటితే కోయోళ్ల గుంపు, కొన్ని ఇండ్లు, ఇండ్ల నడుమల చిన్న బడి. మా ఊరి పిల్లలు ఇప్పుడు బస్సెక్కి ఇంగ్లీషు బడికి పోతున్నరు గని, మా బిడ్డ మాత్రం ఆ గుంపు బడిలనే చదివింది. ఎందుకంటే నేను తెల్లారకముందే బండెక్కేదాన్ని, ఆయన బస్సు దిగే యాత్రికుల కోసం పోయేటోడు. బడిల మధ్యాహ్నం బువ్వ వండేది అవ్వ. ఆమె కోయామె. మొగుడు ఎప్పుడో పోయిండు, పిల్లలు లేరు. బడి గుడిసెల ఉన్నప్పటి సంది ఆ పొయ్యి ఆమెదే. నేను పొద్దుగాల బిడ్డను నిద్రకండ్లతోనే వాగు దాటించి అవ్వ కాడ వదిలిపెట్టేదాన్ని. అవ్వ మొకం కడిగేది, తల దువ్వేది, పొయ్యి పక్కన కూసోబెట్టుకొని తినిపించేది. పైసలు ఇస్త అంటే ఒక్క చూపు చూసేది. ఆ చూపుకు మల్ల నేను అడగలే.

గసొంటి అవ్వ, ఇప్పపువ్వు ఏరుకోను చీకట్లనే అడవికి పోయి, రాయి తట్టుకొని పడ్డది. కుడి చెయ్యి మోచేతి కింద ఇరిగింది. మా ఆయనే ఆటోల ఏసుకొని భద్రాచలం దవాఖానాకు తీస్కపోయిండు. సిమెంటు కట్టు కట్టిండ్రు, నెలన్నర దాక ఆ చెయ్యి కదపొద్దన్నరు.

మూడో దినం పొద్దుగాల అవ్వ మా ఇంటికొచ్చింది. ఒంటి చేత్తోటి కట్టె పట్టుకొని వాగు దాటి వచ్చింది. గడప మీద కూసోమంటే కూసోలే.

"బిడ్డా, నా పొయ్యి పోతదే" అన్నది.

"పొయ్యి యాడికి పోతది అవ్వా?"

"బడి సారు మంచోడే. గని పిల్లలకు బువ్వ ఆగొద్దు గద. రోడ్డు మీది ఊరామెను ఎవరినో పెడుతమని బడి కమిటీల అంటున్నరట. ఆమె ఒక్కసారి కూసుంటే మల్ల లేస్తదా? కట్టు ఇప్పేదాక నువ్వు నిలబడు బిడ్డా. ఇప్పంగనే నాకు ఇచ్చెయ్. నువ్వైతే ఇస్తవ్."

నువ్వైతే ఇస్తవ్. గంతే అన్నది. నా బిడ్డను సాకిన సంగతి ఎత్తలే. ఎత్తితే నాకు కోపమన్న వచ్చేది, కోపం మీద కాదనైనా అనేదాన్ని. ఏం ఎత్తకుండ, కట్టె పట్టుకొని వాగు దిక్కు పోయింది.

మా ఆయన ఆటో కడుగుడు ఆపిండు.

"ఆలోచన చెయ్యకు" అన్నడు. "నాకు తెలుసు నీ సంగతి. జాలి వేరు, బతుకు వేరు. ఆ వంటకు ఇచ్చేది నీకు వచ్చే సగం జీతంల సగం గూడ కాదు. అది గూడ ఎప్పుడొస్తదో ఆ పర్ణశాల రాముడికే ఎరుక. దాని కోసం జీవితంల ఒక్కసారి వచ్చేదాన్ని పోగొట్టుకుంటవా? పైగ మల్ల ఇచ్చెయ్యాల్సిన పని! నీది గూడ కాదు!"

"నేను ఏమన్న అన్ననా?"

"అనకపోతేనే నాకు భయం."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. బిడ్డ ఖమ్మంల నర్సింగు చదువుతున్నది, హాస్టలు ఖర్చు ఉన్నది. ఆటోకు కిస్తీ ఉన్నది. నా మోకాళ్లు గూడ ఇదివరకటి లెక్క లేవు. ఏ దిక్కు నుంచి చూసినా సంతకం పెట్టి కూసునుడే తెలివైన పని. సాయంత్రం మా చెల్లెలికి ఫోన్ చేసిన. అది ఇంకా తెలివైనది.

"రెండూ చెయ్యొచ్చుగా అక్కా! ఆ బడి పని నీ పేరు మీద ఉండదు, ముసలామె పేరు మీదే ఉంటుంది. సంతకం పెట్టి డబ్బులు తీసుకో, పొద్దున్నే వెళ్లి వండు. అడవిలో ఎవరు చూస్తారే?"

"ఎవరు చూస్తరా? పిల్లలు చూస్తరు. పొయ్యి ముంగట కూసొని వండుకుంట, నాకు పని లేదని రాసిస్తే నా మొకం నేనే చూసుకోలేను."

"అబ్బో, హరిశ్చంద్రుడి చెల్లెలివి!"

"నీకు అక్కనే. ఫోన్ పెట్టెయ్."

కోపంగ పెట్టేసిన. గని రెండూ చెయ్యొచ్చన్న మాట నా లోపల నుంచి పోలే. ఎందుకు అబద్ధం? మస్తు ఆశ పుట్టింది. అన్నం తింటుంటే గుర్తొచ్చింది, గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది. గప్పుడే బిడ్డ ఫోన్ చేసింది. బీమా సంగతి, కంపెనీ సంగతి ఏదీ అడగలే.

"అవ్వకు ఏ చెయ్యి ఇరిగిందమ్మా?"

"కుడిచెయ్యి."

"ఆ చేత్తోనే గద నాకు తినిపిచ్చింది" అన్నది. మల్ల, "ఆమె కాడ ఉన్నప్పుడు, నువ్వు పక్కన లేవని నేను ఎప్పుడూ ఏడ్వలేదమ్మా" అన్నది.

ఆ మాట నన్ను గుచ్చిందో, చల్లబరిచిందో ఇప్పటికీ చెప్పలేను. నేను లేని పొద్దులన్నిటిల నా బిడ్డకు ఏడుపు రాకుండ చూసిన చెయ్యి అది. ఫోన్ పెట్టేసి మా ఆయన కాడికి పోయిన.

"రేపటి సంది బడికి పోత" అన్న.

ఆ కాయితం తీసి మడత పెట్టి, ఆటోల రాములవారి ఫోటో కింద డబ్బాల పెట్టిండు. "దీన్ని మాత్రం పారెయ్య" అన్నడు. గడప మీద చాయ సంగతి ఇద్దరం ఎత్తలే. ఆయనకు బాధైంది. నాకు తెలుసు.

బడికి పోయిన. ఒంటిపూట బడులు పెట్టిన దినాలు. పొద్దుగాల ఇనుప పట్టా మీద గంట కొట్టంగనే పొయ్యి రాజేస్తే, ఎండ ముదరకముందే బువ్వ అయిపోవాలె. పిల్లలు వాళ్లల్ల వాళ్లు కోయ మాట్లాడుకుంటరు, నాతోటి తెలుగుల మాట్లాడుతరు. మొదటి దినాలు నా దిక్కు చూసి గుసగుసలు పెట్టుకొని నవ్వేటోళ్లు. నా తిప్పలు నావి. అంత పెద్ద వంట గిన్నె, గంజు అంటరు, దాంట్ల బియ్యానికి ఎసరు ఎంతో నాకు అందలే. ఒకనాడు మెత్తగ, ఒకనాడు పలుకుగ. పప్పు అయితే నీళ్లు. అవ్వ కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకొని, జర దూరంల రాయి మీద కూసొని చూసేది. ఏం చెప్పేది కాదు. ఆమె ముచ్చట చెప్పకపోయేసరికి నాకు ఇంకా మండేది.

"జర చెప్పరాదు అవ్వా?"

"నువ్వు అడగలే గద."

వీళ్లను ఎట్లన్న మెప్పియ్యాలె అని నాకు పంతం పట్టింది. మధిరదాన్ని, నా చేతి మామిడికాయ పప్పు తిని మా అత్తనే నోరు మూసుకున్నది! మా ఇంటెనక మామిడిచెట్టు ఆ ఏడే మొదటిసారి నిండుగ కాసింది. లేత కాయలు, ఇంకా టెంక గట్టిపడలే. మా ఆయనతోటి సంచి నిండ తెంపించి, తెల్లారంగనే బడికి మోసుకపోయిన. ఆ పొద్దు అవ్వ కట్టు చూపిచ్చుకోను దవాఖానాకు పోయింది. ముక్కలు కోసి, పప్పుల ఏసి, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ ఇంత కరివేపాకుతోటి తాలింపు పెడితే, వాసన వాగు దాటి పోయింది. నాకైతే గర్వంతోటి కాళ్లు నేల మీద ఆగలే. పిల్లలు పళ్లాలు పట్టుకొని వరుసగ కూసున్నరు. వడ్డిచ్చిన. ఒక్కరు చెయ్యి పెట్టలే.

"తినుండ్రి! సల్లారిపోతది!"

తలలు వంచుకొని కూసున్నరు. చిన్న పిల్లొకతి పళ్లెం దిక్కు చూస్తూ గుటకలు మింగుతున్నది. ఆకలైతున్నది పాపం, మొకం చూస్తేనే తెలుస్తున్నది. అయినా ముట్టలే. నాకు ఒళ్లు మండింది. "ఏందిరా మీ లొల్లి! గింత కష్టపడి చేస్తే ముట్టరా? అవ్వ చేసిన నీళ్ల పప్పే కావాల్నా మీకు?" అని అరిచిన. ఆ చిన్నదానికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గప్పుడు పెద్దపిల్ల ఒకతి లేచి నిలబడి, నెమ్మదిగ చెప్పింది.

"పండుగ కాలే ఆయమ్మా."

ఇన్నేండ్ల సంది వాగు ఈవల ఉంటున్నదాన్ని! ఎవరికి తెల్వదు ఆ సంగతి? కొత్త కాయ కాసినా, కొత్త గింజ పండినా, ముందు వాళ్ల దేవతలకు పెట్టి, గుంపంత ఒక్కకాడ కూడి తిన్నంకనే ఎవరైనా నోట్ల పెట్టుకునేది. వాళ్ల మాటల పండుం అంటరు. అప్పటిదాక చెట్టు కింద పడ్డ కాయను గూడ పిల్లలు ముట్టరు. ఆ సంగతి నాకు తెలుసు, గని పెద్దోళ్లు చేసే పూజ లెక్క తెలుసు. పళ్లెం ముంగట ఆకలితోటి కూసున్న పిల్లలకు గూడ ఆ కట్టుబాటు ఉంటదని నా బుర్రకు తోచలే. మామిడికాయ పప్పంటే నాకు పప్పే. వాళ్లకు అది ఇంకా రాని పండుగ.

చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా పట్టుకున్న. "లేవకుండ్రి బిడ్డా, ఇప్పుడే ఏరే పప్పు చేస్త" అన్న. పళ్లాలన్నీ తీసి కడిగిన. పొయ్యిల కట్టెలు మల్ల ఎగదోసిన. సారు వచ్చి, "ఇయ్యాలకు అన్నం, గుడ్డు పెట్టెయ్ అమ్మా" అన్నడు గని, నేను ఇనలే. ఆ పిల్లలు గూడ ఇండ్లకు పోలే. ఒకరు పప్పు ఏరిండ్రు, ఒకరు నీళ్లు తెచ్చిండ్రు. నేను తిట్టిన ఆ చిన్నది వచ్చి నా పక్కన కూసొని ఎల్లిగడ్డ పొట్టు తీసింది. ఎండ నడినెత్తి మీదికి వచ్చినంక తిన్నరు. అందరూ తిన్నరు. వాళ్లు తింటుంటే నేను పొయ్యి దిక్కు తిరిగి కండ్లు తుడుచుకున్న. పొగ అనుకున్నరు.

అవ్వ దవాఖానా నుంచి రాంగనే సంగతి ఎవరో చెప్పేసిండ్రు. నేను తిట్లకు సిద్ధంగ కూసున్న.

"ఉప్పు సరిపోయిందా?" అన్నది.

"దేంట్ల?"

"రెండో పప్పుల."

"అవ్, సరిపోయింది."

"ఇగ నేర్చుకున్నవ్" అన్నది. గంతే. అటెనక ఎసరు సంగతి, గంజి ఎప్పుడు వార్చాలనే సంగతి, నేను అడగకముందే చెప్పుడు మొదలుపెట్టింది.

ఆ మామిడికాయ పప్పును మా ఆయన ఇంట్ల ఏడుస్తూ తిన్నడు. ఏడుపంటే నిజం ఏడుపు కాదు. "బడి పిల్లలు తినంది నా పాలిట పడ్డదా! పొద్దుగాల పప్పు, సాయంత్రం పప్పు!" అనుకుంట గిన్నె ఊడ్చి ఊడ్చి తిన్నడు. నన్ను గూడ తినమన్నడు. ముద్ద కలిపిన గని నోటికి రాలే. ఆ చిన్నదాని గుటకలు గుర్తొచ్చినయి. ఆ పొద్దు సంది నేను మామిడికాయ ముట్టలే. "ఇంటెనక చెట్టు నిండ కాయలు, దీనికేమో ఉపాసం! మనం కోయోళ్లం ఎప్పుడైనమే?" అని మా ఆయన నవ్విండు. "నువ్వు తిను, నాకేం అడ్డం లేదు" అన్న. పప్పు అయిపోయినంక ఆయన గూడ కాయ తెంపలే.

దినాలు గడుస్తుంటే ఆ పని నా చేతులకు పట్టింది. పొద్దుగాల పర్ణశాలకు పోయే బేరం లేకుంటే మా ఆయన గూడ వచ్చి పొయ్యి కాడ కూసునుడు మొదలుపెట్టిండు. ఉల్లిగడ్డలు కోసేటోడు. "ఒక్క మనిషికి సగంల సగం కూలి, ఇద్దరి పని" అని సారును ఎక్కిరించేటోడు. నేను నిలబడి కలుపుతుంటే ఆయన చాయ గ్లాసు నా చేతికి ఇచ్చేటోడు. మల్ల నిలబడే తాగిన.

వేసవి సెలవులు దగ్గర పడ్డంక ఒకనాడు సారు నన్ను పక్కకు పిలిచిండు. చెడ్డ మనిషి కాదు. మంచి మాటే అనుకొని చెప్పిండు.

"అవ్వకు పెద్దతనం అమ్మా. కట్టు ఇప్పినా ఆ గంజు ఎత్తగలుగుతదో లేదో. పిల్లలు నీకు అలవాటైండ్రు. మీ కంపెనీ మల్ల తెరిచేది లేదంటున్నరు. నీ పేరు మీదికే మార్పిద్దమా?"

నాకు ఆశైంది. ఎందుకు దాచాలె? మస్తు ఆశైంది. సగం జీతం పోగొట్టుకొని చేసిన పని ఇది. కొద్దిదైనా ప్రతి నెలా ఉండే పని. ఇంటికి దగ్గర. నా మోకాళ్లకు సరిపోయే పని. నేను దొంగతనం చేస్తలేను, లాక్కుంటలేను, సారే ఇస్తనంటున్నడు. అవ్వ చెయ్యి గనక వంకర పోతే, ఇక అది ఎట్లా ఆమెతోటి కాదు గద. ఆ మాట మనసుల అనుకున్ననో లేదో నా మీద నాకే అసహ్యం పుట్టింది. ముసలామె చెయ్యి బాగు కావద్దని కోరుకున్ననా నేను?

"చెప్త సారూ" అని వచ్చేసిన.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పిన. ఎగిరి గంతేస్తడనుకున్న. ఆయన ఆటో బకెట్ తీసిండు. రెండు చెంబులు పోసి ఆగిండు.

"ఆమె నిన్ను ఏమని అడిగింది?"

"నువ్వైతే ఇస్తవ్ అన్నది."

"ఇగ నన్నెందుకు అడుగుతవ్?" అన్నడు. మల్ల నా దిక్కు తిరిగి, "నాకు గూడ ఆశైతున్నదే. నిజం. గని ఆ చెయ్యి ఇరిగిన రోజు ఆటోల నా ఎనక కూసొని, ఆమె నొప్పి అనలే. పొయ్యి పొయ్యి అనుకుంట వచ్చింది, భద్రాచలం దాక" అన్నడు.

తెల్లారి పోయి సారుకు చెప్పిన. కట్టు ఇప్పేదాక ఏం మార్చొద్దు, ఇప్పినంక అవ్వదే అని. గొప్ప పని చేసినట్టు నాకేం అనిపియ్యలే. పోగొట్టుకున్నట్టే అనిపిచ్చింది.

అవ్వ కట్టు ఇప్పిన మరునాడే గుంపుల మామిడి పండుగ. నన్ను, మా ఆయనను రమ్మని గుంపు పెద్ద కబురు పంపిండు. ఇన్నేండ్లల్ల ఎప్పుడూ పిలవలే, మేం ఎప్పుడూ పోలే. పూజ చేసే కాడికి మేం పోలే, దూరంగ చింతచెట్టు కింద నిలబడ్డం. డోలు ఆగినంక పెద్దలు మోదుగాకులల్ల కొత్త మామిడికాయ ముక్కలు పంచుడు మొదలుపెట్టిండ్రు. ఇంటికొక ఆకు. పిల్లలు నన్ను చూసి చేతులు ఊపిండ్రు. ఆ చిన్నది నోరంత పులుపుతోటి ఒంకరలు పోయి నవ్వుతున్నది. ఇంటి పెద్ద పేరు పిలిస్తే ఒకరు వచ్చి ఆకు తీసుకునుడు. అవ్వ పేరు పిలిచినంక ఆమె రెండు ఆకులు పట్టుకున్నది. నాకు అర్థం కాలే.

అవ్వ మా కాడికి వచ్చింది. ఎడమచేత్తోటి ఒక ఆకు మా ఆయన చేతుల పెట్టింది. "ఇది మీ ఇంటిది" అన్నది. "పెద్దలను అడిగిన. వాగు అవతల ఒక ఇల్లు ఉన్నదని చెప్పిన. రాసుకున్నరు."

రెండో ఆకు ఆమెది. దాంట్ల నుంచి ముక్క తీయబోయింది, కుడిచేత్తోటి. ఆ చెయ్యి సన్నబడ్డది, తోలు తెల్లగ పాలిపోయింది, వేళ్లు గట్టిగ మడతపడ్తలేవు. ముక్క రెండు తాపలు జారి ఆకులనే పడ్డది. దేవుడా, దేవుడా అని లోపల మొక్కుతనే ఉన్న. మూడో తాపకు పట్టుకున్నది. ఆ చెయ్యి వణుకుతూ లేచింది. ఆమె నోటి దిక్కు పోలే. నా నోటి దిక్కు వచ్చింది.

"తిను" అన్నది. "నువ్వు గూడ తినలేదట గద. నీ మొగుడు చెప్పిండు."

ఆ ఏడు నేను తిన్న మొదటి మామిడికాయ అది. పుల్లగ, పళ్లు జివ్వుమనేటట్టు ఉన్నది. నా బిడ్డకు తినిపిచ్చిన చెయ్యి అది, నాకు తినిపిస్తున్నది. ఆ చేతిని రెండు చేతులతోటి పట్టుకొని ఏడ్సిన, అందరి ముంగట, పొగ లేదు పొయ్యి లేదు చెప్పుకోను. అవ్వ నా కొంగుతోనే నా మొకం తుడిచింది.

"రేపటి సంది నేనే వండుత బిడ్డా. గంజు పెద్దపిల్లలు పడతరు. నువ్వు ఇంట్ల కూసో. నీ మొగుడు దినాం పొయ్యి కాడ నాకు మొరపెట్టుకుంటుండు, నా పెండ్లాం కూసోదని."

"అవ్వా! నీకు చెప్పిందంత చెప్పేస్తవా?" అని మా ఆయన సిగ్గుపడ్డడు.

తెల్లారి నేను చాయ పెట్టిన. రెండు గ్లాసులు. మా ఆయన గడప మీద కూసొని, పక్కన జాగ ఉంచిండు. ఆటో తీయలే, కడగలే. ఆటో డబ్బాల ఉన్న కాయితం తెచ్చి నా ముంగట పెట్టిండు. ఎన్ని దినాలు మిగిలితే గన్ని దినాలకే, పని చేసిన దినాలు చేసినట్టు చెప్పి ఇద్దమన్నడు. నాకు ఏ పనీ లేదు అన్న మాట మల్ల చదివిన. ఈసారి గుచ్చుకోలే. పనుండె, అయిపోయింది, ఎవరిది వాళ్లకు ఇచ్చేసిన. సంతకం పెట్టిన.

గప్పుడే వాగు అవతల బడి గంట మోగింది. తెలియకుండనే సగం లేచిన. పొయ్యి రాజేయాలె, ఎసరు పెట్టాలె అనుకుంట. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

"కూసో" అన్నడు.

కూసున్న.